ముందు ఆ మెసేజ్‌లు బయటికి తియ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఒకసారి చదివి పక్కన పెడితే సాయంత్రానికి ఒక్క వాక్యం కూడా గుర్తు రాలేదు. మళ్ళీ చదివాను. కోపం తెచ్చుకోకు. భాష బాగుంది, అచ్చుతప్పులు లేవు, చెప్పిన సమాచారంలో తప్పులు లేవు. పత్రికవాళ్ళకు పంపితే వేసుకుంటారు కూడా. కానీ అందులో నువ్వు లేవు.

"ఆర్డర్ ఆఫ్ ద స్టిక్" అనే ఆ వెబ్‌కామిక్ (ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మల కథ) చదువుతున్నన్నాళ్ళూ నాకు రాత్రనకా పగలనకా వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టావు గుర్తుందా? అవన్నీ నా ఫోన్లో ఉన్నాయి. ఈ పూట వ్యాసాన్ని పక్కన పెట్టుకుని వాటిని మొదటినుంచీ చూశాను. ఆ మెసేజ్‌లు పెట్టిన పిల్లా ఈ వ్యాసం రాసిన పిల్లా ఒకరేనా అని అనుమానం వచ్చింది.

వ్యాసంలో నీ మొదటి పేరా: 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే, పాచికలు వేస్తూ సాహసికుల పాత్రల్లో ఆడే ఆటను తెచ్చారు, దాని ప్రభావంతో ఎన్నో కథలు వచ్చాయి, వాటిలో రిచ్ బర్లూ గీసిన ఈ వెబ్‌కామిక్ ప్రత్యేకమైనది. నిజమే. ఎవరైనా రాయగలిగిన నిజం.

నువ్వు నాకు పెట్టిన మొదటి మెసేజ్: "మాస్టారూ, ఇవేం బొమ్మలండీ? తలకాయో గుండ్రం, కాళ్ళూచేతులో గీతలు. మా తమ్ముడు మూడో క్లాసులో ఇంతకంటే బాగా వేసేవాడు. పైగా ఒక్క జోకు కూడా అర్థం కాలేదు. ఎన్ని పేజీలు ఓపిక పట్టాలి?"

దీనితో మొదలుపెట్టు. మన తెలుగులో ఈ కామిక్ చదవబోయే వందమందిలో తొంభైమందికి వచ్చే ప్రశ్న అదే. వాళ్ళు కూడా మొదటి స్ట్రిప్ (అంటే ఒక విడత బొమ్మలు) తెరిచి, ఆ పుల్లల మనుషుల్ని చూసి, ఫోన్ పక్కన పెట్టేస్తారు. నువ్వు పెట్టెయ్యలేదు. ఎందుకు పెట్టెయ్యలేదో చెప్పగలిగితే చాలు, నీ వ్యాసం నిలబడుతుంది.

మొదటి స్ట్రిప్‌నే తీసుకో. 2003 సెప్టెంబరులో వచ్చింది. ఆరుగురు సాహసికులు నేలమాళిగలో గోబ్లిన్లనే రాక్షసజాతితో పోరాడుతుంటారు. మధ్యలో ఉన్నట్టుండి వాళ్ళకేదో అవుతుంది. ఆయుధాలు, శక్తులు మారిపోతాయి. ఏమిటా అంటే, ఆ ఏడాదే అసలు ఆట నియమాల పుస్తకం కొత్త కూర్పు వచ్చింది, మూడు నుంచి మూడున్నర అయింది. నియమాలు మారాయి కాబట్టి ఆ నియమాల మీద బతికే మనుషులూ మారారు. ఆ ఆట ఆడేవాళ్ళు పడీపడీ నవ్వుకున్న జోకు అది. నీకు నవ్వు రాలేదు. నాకూ రాలేదు, ఎవరో విడమరిచి చెప్తే తప్ప. వ్యాసంలో మాత్రం "తొలి స్ట్రిప్ నుంచే హాస్యం ఆకట్టుకుంటుంది" అని రాశావు. ఎవర్ని ఆకట్టుకుంది?

నీకు పట్టుకున్న భయం నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఈ కామిక్‌ను వెంటాడి చదువుతున్నవాళ్ళు ఉన్నారు, ప్రతి గడినీ కంఠతా పట్టినవాళ్ళు. వాళ్ళ ముందు తెలియనిదానిలా కనిపిస్తే పరువు పోతుందని, తెలిసినదానిలా రాశావు. అసలు సంగతి విను. కొత్తగా చదివినవాళ్ళ అనుభవాలను అందరికంటే ఆత్రంగా చదివేది ఆ పాతవాళ్ళే. ఆ ఆరుగురి నాయకుడు రాయ్ చనిపోతాడని తెలియకుండా ఆ యుద్ధం చదవడం వాళ్ళకిక ఈ జన్మలో కుదరదు. నువ్వు చదివావు. అజూర్ సిటీ అనే నగరం మీద విలన్ జైకన్ సైన్యం పడ్డప్పుడు, గాలిలో ఆ అస్థిపంజరం మాంత్రికుడు జైకన్‌తో ఒంటరిగా తలపడిన రాయ్ కిందపడి ప్రాణం వదిలినప్పుడు నువ్వేమనుకున్నావో వాళ్ళకు కావాలి. నువ్వు నాకు పెట్టింది రెండే ముక్కలు: "అయ్యో. నిజంగానా?" పది నిమిషాల తర్వాత ఇంకోటి: "హీరో కదండీ. లేపుతారులే. ఈ లోకంలో చచ్చినవాళ్ళని లేపే మంత్రం ఉందిగా." ఆ రెండు మెసేజ్‌ల మధ్య పది నిమిషాలు నువ్వేం చేశావో రాయి. వ్యాసంలో దీని బదులు "కథ అనూహ్యమైన మలుపులు తిరుగుతుంది" అని ఉంది. ఇలాంటి వాక్యాలు పత్రికల్లో ఎన్నో ఏళ్ళుగా తిరుగుతూనే ఉన్నాయి, పాపం, వాటికి కాస్త విశ్రాంతి ఇద్దాం.

ఇక డ్రాగన్ సంగతి. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుందని నా నమ్మకం. దానికి నువ్విచ్చింది రెండు వాక్యాలు.

విరిగిన కత్తిని మళ్ళీ చేయించుకోవడానికి రాయ్‌కు ఆకాశం నుంచి పడ్డ లోహం కావాలి. దాని కోసం అందరూ ఒక గుహలోకి వెళ్తారు. అక్కడ ఒక కుర్ర నల్ల డ్రాగన్. బృందంలోని ఎల్ఫ్ జాతి మంత్రవేత్త వార్సూవియస్ ఒక్క మంత్రంతో దాన్ని బూడిద చేసేస్తారు. జోకులు, నిధి, సంబరం. ఆ చోట నువ్వు పెట్టిన మెసేజ్ నాకింకా కనిపిస్తోంది: "డ్రాగన్ ఫైట్ ఇంతేనా? ఇంకా పెద్దగా ఉంటుందనుకున్నా." అంతే, ముందుకెళ్ళిపోయావు. అందరూ వెళ్ళిపోయారు. రచయిత మనల్ని కావాలనే వెళ్ళనిచ్చాడు.

అప్పటి పాఠకులకు మూడేళ్ళు దాటాక, నీకు కొద్ది రోజుల్లోనే, ఆ కుర్రడ్రాగన్ తల్లి వచ్చింది. ముసలి డ్రాగన్. నిద్రాహారాలు మాని, మంత్రాలన్నీ అయిపోయి, ఒంటరిగా ఉన్న వార్సూవియస్ ఎదుట నిలబడి, నా బిడ్డను చంపావు, నీ బిడ్డల్ని నేను చంపుతాను అంటుంది. వార్సూవియస్ పిశాచాలతో బేరం కుదుర్చుకుంటారు, అంతులేని శక్తి వస్తుంది, పిల్లల్ని కాపాడుకుంటారు. అక్కడితో ఆగరు. ఇంకెవరూ పగ తీర్చుకోవడానికి రాకుండా, ఆ డ్రాగన్ రక్తం పంచుకున్న ప్రతి ప్రాణినీ ఒక్క మంత్రంతో చంపేస్తారు. ఎక్కడెక్కడో, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని డ్రాగన్లు, ఉన్నచోటనే కూలిపోతాయి.

అర్ధరాత్రి దాటాక వచ్చింది నీ మెసేజ్: "మాస్టారూ నిద్ర పట్టట్లేదు. గుహలో వాడు చనిపోయినప్పుడు నేను బోర్ కొట్టిందన్నాను కదా. ఇప్పుడు తల్లి వచ్చి అడుగుతుంటే నన్ను కూడా అడుగుతున్నట్టుంది."

ఇంత మాట రాయగలిగిన పిల్ల వ్యాసంలో "నైతిక సంక్లిష్టతను చిత్రించడంలో రచయిత సఫలీకృతుడయ్యాడు" అని రాస్తే నేనేమనుకోవాలి?

ఆ మెసేజ్‌ను అలాగే దించు. దాని ముందు గుహ దగ్గర నువ్వు పెట్టిన మెసేజ్‌ను దించు. రెంటి మధ్యా ఏ వ్యాఖ్యానమూ వద్దు. ఆ తర్వాత, ఇంకో మూడేళ్ళకు వచ్చిన పిరమిడ్ ఘట్టానికి వెళ్ళు. మన బృందం వెతుక్కుంటూ వెళ్ళిన డ్రేక్‌టూత్ కుటుంబం మొత్తం అక్కడ చచ్చి పడి ఉంటుంది. ఎవరు చంపారో ఎవరికీ అంతుబట్టదు. ఆ వంశంలో ఎప్పుడో నల్ల డ్రాగన్ నెత్తురు కలిసిందని తెలిశాక వార్సూవియస్‌కు మెల్లగా అర్థమవుతుంది, చంపింది తామేనని. నువ్వు ఆ పేజీ చూసి ఏమీ రాయలేదు, ఒక్క చుక్క మాత్రం పెట్టావు, ఫుల్‌స్టాప్. ఆ చుక్క గురించి కూడా చెప్పు. (ఈ ఉత్తరాన్ని ఇంకెవరికైనా చూపిస్తే ఈ పేరా దాచి చూపించు. చదవనివాళ్ళ శాపనార్థాలు నాకెందుకు.)

దీనితో నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికి వచ్చాను. కథ మొత్తం చదివేసి, వెనక్కి తిరిగి, అన్నీ తెలిసిన చోట నిలబడి రాశావు నువ్వు. అలా రాసేసరికి గుహలో డ్రాగన్ చావు నీ వ్యాసంలో మొదటినుంచీ విషాదంగానే ఉంది. నువ్వు చదివినప్పుడు అది విషాదం కాదు, బోరు. ఆ బోరు లేకపోతే తర్వాత వచ్చిన దెబ్బ లేదు. చదువుతున్నప్పటి అజ్ఞానాన్ని యథాతథంగా పట్టుకోవడం కొత్త పాఠకులకు మాత్రమే చేతనవుతుంది. రెండోసారి చదివాక అది నీక్కూడా చేతకాదు. అదృష్టం, నువ్వు పట్టుకునే ఉన్నావు, నా ఫోన్లో. ఇక మీదట ఏది కొత్తగా మొదలుపెట్టినా పక్కన ఒక నోటుబుక్కు ఉంచుకో. స్ట్రిప్ నంబరు వేసి ఒక్క ముక్క రాసుకో, తర్వాతి పేజీ తిప్పకముందే. తర్వాత దాన్ని దిద్దకు.

నువ్వు వేసిన అంచనాలు తప్పాయని సిగ్గుపడి కొట్టేశావు చూడు, అవి కూడా వెనక్కి తే. రెడ్‌క్లోక్ గురించి మొదట్లో నువ్వన్నది: "ఈ ఎర్ర శాలువా గోబ్లిన్ ఉత్త చెంచాగాడు, జైకన్ కాళ్ళు పట్టుకుని బతికేస్తాడు." కొన్ని వందల స్ట్రిప్‌ల తర్వాత: "నేను ఆ చెంచాగాడి పక్షాన ఉన్నానేంటండీ!" ఆ పక్షానికి ఎందుకొచ్చావో చెప్పు. మొదటి స్ట్రిప్‌లో నరుక్కుంటూ పోయిన గోబ్లిన్లు గుర్తున్నారుగా. ఆటలో వాళ్ళున్నదే అందుకు, చంపితే పాయింట్లు రావడానికి. రెడ్‌క్లోక్ కొన్నాళ్ళకు సరిగ్గా అదే ప్రశ్న వేస్తాడు: దేవుళ్ళు మా జాతిని పుట్టించింది మీకు పాయింట్ల కోసమేనా? ఆటలో ఎవరూ పట్టించుకోని ఒక నియమాన్ని తీసుకుని, దాని కింద నలిగేవాళ్ళ నోట పలికించాడు బర్లూ. మొదట్లో ఆయనకు పెద్ద కథ చెప్పాలన్న ఉద్దేశం కూడా లేదు, ఆట మీద జోకులు వేద్దామనే మొదలుపెట్టాడు. జోకు కోసం వాడుకున్నవాటినే తర్వాత తీసి బాధగా వాడుకున్నాడు. నువ్వు కథలు రాస్తానంటున్నావు కదా, ఈ ఒక్కటి బాగా చూసుకో. కొత్తగా ఏదీ తెచ్చి పెట్టలేదు, మొదటి పేజీల్లో పారేసినట్టు కనిపించినవే మళ్ళీ ఏరుకున్నాడు.

ఆట నియమాల గురించి నీ వ్యాసంలో ఒకటిన్నర పేజీ ఉంది. తీసెయ్యి. నియమం తెలియకపోతే అర్థం కాని చోట, అక్కడికక్కడ ఒక వాక్యం చాలు. ఉదాహరణకు రాయ్ చచ్చాక పైకి వెళ్తాడు. స్వర్గం గుమ్మం దగ్గర ఒక దేవత అతని బతుకంతా తిరగేస్తుంది, ఇంటర్వ్యూ చేసినట్టు. అక్కడ మాత్రం చెప్పు, ఈ ఆటలో ప్రతి మనిషికీ మంచీచెడూ, క్రమశిక్షణా విచ్చలవిడితనమూ కలిపి ఒక ముద్ర ఉంటుందని, దాన్నిబట్టే చచ్చాక ఎక్కడికి పోవాలో తేలుతుందని. అది తెలిస్తే, బందిపోట్లకు చిక్కిన తోటి సాహసికుడు ఎలన్‌ను ఒకసారి వదిలేసి పోయావు కదా అని ఆ దేవత నిలదీసినప్పుడు రాయ్‌కు ఎంత టెన్షనో పాఠకుడికి తెలుస్తుంది. మిగతా నియమాలు, ఏ పాచిక వేస్తే ఏమవుతుంది, ఎవరికి ఎన్ని మంత్రాలు, అవి మన పాఠకుడికి అనవసరం. నీక్కూడా సగం తెలియకుండానే వెయ్యీ రెండువందల పైచిలుకు స్ట్రిప్‌లు చదివేశావుగా.

బొమ్మల గురించి "సరళమైన రేఖలే అయినా భావస్ఫోరకంగా ఉన్నాయి" అన్నావు. ఏ రేఖ? ఏ భావం? ఒక్క చోటు పట్టుకుని దగ్గరగా చూపించు. నేనైతే క్రేయాన్ల దగ్గర ఆగుతాను. లోకం ఎలా పుట్టిందో చెప్పాల్సి వచ్చినప్పుడు బర్లూ మామూలు బొమ్మలు ఆపేసి, చిన్నపిల్లలు రంగు క్రేయాన్లతో గీసినట్టు వేస్తాడు. దేవుళ్ళు కలిసి లోకాన్ని అల్లుతూ కీచులాడుకుంటారు, ఆ కీచులాటల్లోంచి స్నార్ల్ అనే చిక్కుముడి పుడుతుంది, అది దేవుళ్ళ గుంపునొకదాన్ని మింగేసి, మొదటి లోకాన్ని తునకలు చేస్తుంది. జియస్, మిగతా గ్రీకు దేవతలంతా పోతారు. ఇంత ప్రళయం, పిచ్చిగీతల్లో! అసలే పుల్లల మనుషుల కామిక్, అందులో దానికంటే పసిగా ఇంకో పొర. దానివల్ల పక్క పేజీలో పుల్లల మనుషులు మనకు మామూలు మనుషుల్లా కనిపిస్తారు. గమనించావా? గమనించకపోతే వెళ్ళి చూడు, చూసి నీకేమనిపిస్తే అది రాయి. నేను చెప్పింది రాయకు.

లేదా రాయ్ తమ్ముడి దగ్గర ఆగు. పసితనంలోనే చనిపోయిన ఎరిక్ స్వర్గంలో ఇంకా పసివాడిగానే ఉంటాడు, చెక్కముక్కలు పేర్చి ఆడుకుంటూ. రాయ్ వాడితో ఆడుకుంటూ కూర్చుండిపోతాడు, కింద భూమ్మీద నెలలు గడిచిపోతాయి. అక్కడ నువ్వేడ్చానని చెప్పావు. పుల్లబొమ్మ చూసి ఏడవడమేమిటని నువ్వే ఆశ్చర్యపోయావు. అంత మంచి వాక్యాన్ని వ్యాసంలో ఎందుకు పెట్టలేదో నాకర్థం కాదు.

నచ్చనివి ఎక్కడికి పోయాయి? రాయ్ మంత్రపు నడుంపట్టీ పెట్టుకుని ఆడమనిషిగా మారిన భాగంలో జోకులు చూసి నీకు చిరాకేసింది. వార్సూవియస్ ఆడో మగో ఎప్పటికీ తేల్చని జోకు మొదట సరదాగా ఉండి, తర్వాత విసుగనిపించి, ఇంకా తర్వాత ఆ ప్రశ్నే నీకు గుర్తు రావడం మానేసిందని చెప్పావు. బృందంలోని బెల్కర్ అడ్డమైనవాళ్ళందర్నీ పొడిచేస్తుంటే నవ్వావు, నవ్వినందుకు నిన్ను నువ్వే తిట్టుకున్నావు. వ్యాసంలో ఇవేవీ లేవు. అందరూ మెచ్చిన దాన్ని నేనెవర్ని కాదనడానికి అనుకుని ఉంటావు. ఈ మొహమాటం మన తెలుగు సమీక్షల్లో పాత జబ్బు. పెద్దవాళ్ళ రచన అంటే ముందు దండేసి, చివర్లో "చిన్న చిన్న లోపాలున్నా" అని ఒక ముక్క. ఏ లోపమో చెప్పరు. నువ్వు చెప్పు. ఎక్కడ, ఏ స్ట్రిప్‌లో, ఎందుకు గుచ్చుకుందో చెప్పు. తర్వాత మనసు మారితే అది కూడా చెప్పు.

ఒక తేడా మాత్రం నీ మెసేజ్‌లలోనూ లేదు, అది నువ్వే పూరించాలి. నువ్వు వేలితో తోసుకుంటూ పోయిన కథను మొదటి పాఠకులు ఏళ్ళ తరబడి చదివారు. దీనికి ఫలానా రోజున వస్తుందన్న లెక్క లేదు. 2012 ప్రారంభంలో, ప్రతులు అయిపోయిన ఈ కామిక్ పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వెయ్యడానికి కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్లో 57,750 డాలర్లు అడిగితే, పదిహేను వేలమంది దాకా కలిసి 12 లక్షల 54 వేల డాలర్లిచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో బర్లూ చేతికి పెద్ద దెబ్బ తగిలి, కామిక్ కొన్ని నెలలు ఆగిపోయింది. నీకు ఆ నెలలు లేవు. నీకు తల్లిడ్రాగన్ రావడానికీ, మంత్రం పడడానికీ మధ్య ఒక కాఫీ. వాళ్ళకు ఆ మధ్యలో వారాలు. ఆ వారాల్లో వార్సూవియస్ చెయ్యబోయేది తప్పా ఒప్పా అని వాదించుకోవడానికి తీరిక దొరికింది. నీకు దొరకలేదు, ఆపకుండా చదివావు కాబట్టి నీకు వేరే ఏదో దొరికింది. గుహలో డ్రాగన్ నీకింకా పచ్చిగా గుర్తుంది, వాళ్ళల్లో చాలామందికి వెనక్కి వెళ్ళి వెతుక్కోవాల్సి వచ్చి ఉంటుంది. చందమామలో జానపద సీరియల్ తర్వాతి భాగం కోసం నెలంతా గడిపిన నాబోటివాడికి వాళ్ళ చదువే సహజమనిపిస్తుంది. నువ్వు నీ చదువు ఎలా ఉందో రాయి, వాళ్ళలాగా చదవలేకపోయానని క్షమాపణ అడగకు.

ఇక ముగింపు సంగతి. అక్కడ నువ్వు "ప్రతి ఒక్కరూ చదవదగిన" అని మొదలుపెట్టావు. అది కొట్టెయ్యి. అయిదుకు నాలుగున్నర మార్కులు కూడా కొట్టెయ్యి. పిరమిడ్ సంగతి చదవనివాళ్ళకు ముందే తెలియకూడదనుకుంటే గుహ, తల్లి, మంత్రం దాకా చెప్పి ఆపు. రాయ్ చావు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నా మటుకు నేను చెప్పేస్తాను, పుల్లబొమ్మలు చూసి వెనక్కి తిరిగిపోయేవాడిని ఆపడానికి అంతకంటే పెద్ద సాకు దొరకదు. ఏది చెప్పినా, ఎక్కడిదాకా చెప్పబోతున్నావో పైన ఒక్క వాక్యంలో హెచ్చరించు.

నీ మెసేజ్‌లన్నీ తేదీలతో సహా ఒకచోట చేర్చి రేపు పంపిస్తాను. కొత్త డ్రాఫ్టు వాటినుంచి మొదలవ్వాలి, ఇప్పుడున్న వ్యాసంలోంచి ఒక్క వాక్యం కూడా తీసుకోకు. ఒకటి మాత్రం వెతికినా దొరకలేదు. బెల్కర్‌కు ఇక ఎంతోకాలం లేదని జోస్యం చెప్పిన చోట నువ్వేదో పందెం కాశావు, వాడు ఎవరికోసం చస్తాడో. ఫోన్లోనే చెప్పినట్టున్నావు. గుర్తుంటే రాసి పెట్టు, కథ ఇంకా నడుస్తోంది కదా, అది తేలకముందే వ్యాసం బయటికి రావాలి.

ఉంటాను.